పాత ఆటలను బతికిస్తున్నదెవరు?

తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ చదివినవారికి టర్బో సి నీలి తెర గుర్తుండే ఉంటుంది. డాస్ కాలంలో బోర్లాండ్ సంస్థ తెచ్చిన ఆ సాఫ్ట్‌వేర్, డాస్ పోయి ఏళ్లు గడిచినా మన కాలేజీ ల్యాబులను వదల్లేదు. 64 బిట్ విండోస్ మీద అది నేరుగా తెరుచుకోదు. అందుకని విద్యార్థులు దాన్ని డాస్‌బాక్స్ అనే మరో ప్రోగ్రాంలో పెట్టి నడిపించుకున్నారు. 2002లో డాస్‌బాక్స్ పుట్టడానికి కారణం చదువూ కాదు, పరిశ్రమ అవసరమూ కాదు. పాత డాస్ ఆటలు కొత్త కంప్యూటర్ల మీద ఆడుకోవాలన్న కోరికతో కొందరు ఔత్సాహికులు దాన్ని రాసి ఉచితంగా పంచిపెట్టారు. మన పిల్లల్లో ఎందరో సి భాషలో తొలి ప్రోగ్రాం నడిపించుకోగలిగింది వాళ్ల ఆటల మోజు పుణ్యమే.

పాత ఆటలను కాపాడటం పనిలేనివాళ్ల వ్యాపకం అనుకునేవారు ముందుగా ఈ సంగతి గమనించాలి.

ఆ ఆటల్లో అడ్వెంచర్ అనే రకానికి పెద్ద చరిత్రే ఉంది. కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహల్లో తిరిగే అలవాటున్న విల్ క్రౌథర్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ 1970ల మధ్యలో తన కూతుళ్ల కోసం ఒక ఆట రాశాడు. అందులో బొమ్మలుండవు. మీరు ఫలానా చోట ఉన్నారు, ఎదురుగా ఫలానాది కనిపిస్తోంది అంటూ వాక్యాలు వస్తాయి. ఆడేవారు ఒకటి రెండు మాటల్లో ఆజ్ఞ టైపు చేయాలి. 1977లో స్టాన్‌ఫర్డ్‌లో ఉన్న డాన్ వుడ్స్ దాన్ని ఇంకా పెంచాడు. అదే ‘కొలోసల్ కేవ్’. దాని ప్రభావంతో ఎంఐటీ కుర్రాళ్లు ‘జోర్క్’ చేశారు. 1980లో రోబెర్టా విలియమ్స్, ఆమె భర్త కెన్ కలిసి ఆపిల్ 2 కంప్యూటర్ కోసం ‘మిస్టరీ హౌస్’ చేశాక ఈ కథలకు గీతల బొమ్మలు తోడయ్యాయి. ఆ దంపతుల సంస్థే తర్వాత సియెరాగా పేరు తెచ్చుకుంది. 1984లో వచ్చిన వాళ్ల ‘కింగ్స్ క్వెస్ట్’లో కథానాయకుడు తెర మీద నడవసాగాడు. 1987లో జార్జ్ లూకస్ సంస్థ ‘మేనియాక్ మాన్షన్’ తెచ్చింది. అందులో టైపు చేసే పనిలేదు. తెరువు, తీసుకో, ఇవ్వు వంటి క్రియలు తెర కిందే పేర్చి ఉంటాయి, కర్సర్‌తో నొక్కితే చాలు.

1990లలో మన కంప్యూటర్ సెంటర్లలో ఎక్కువగా కనిపించినవి ‘డేంజరస్ డేవ్’, ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ వంటి గెంతుల ఆటలు. చదివి ఆలోచించి ఆడే అడ్వెంచర్ ఆటలు తెలుగువారిలో కొద్దిమందికే పరిచయం. ఇప్పుడు వాటి దగ్గరికి వెళ్లేవారికి అది జ్ఞాపకాల తలపోత కాదు, కొత్త పరిచయమే. ఆ పరిచయంలో దొరికే ఆనందం ఎలాంటిదో ఒక్క ఆటతో చెప్పవచ్చు.

‘ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్’ 1990లో వచ్చింది. రాన్ గిల్బర్ట్ నాయకత్వంలో లూకస్ సంస్థ చేసిన ఆట. గైబ్రష్ త్రీప్‌వుడ్ అనే అమాయకపు కుర్రాడు సముద్రపు దొంగ కావాలని ఒక కరీబియన్ దీవికి వస్తాడు. కత్తిసాము నేర్చుకోవాలి. అయితే ఆ దీవిలో కత్తియుద్ధం గెలిచేది నోటితో. ప్రత్యర్థి ఒక ఎత్తిపొడుపు విసురుతాడు, దానికి సరిగ్గా అతికే జవాబు చెబితే మనది పైచేయి. జవాబు తెలియకపోతే ఓడిపోవాలి, ఓడి ఆ మాట నేర్చుకోవాలి, నేర్చుకున్నది మరో దొంగ మీద ప్రయోగించాలి. ఇలా మాటల మూట నిండాక కత్తుల గురువు కార్లా ఎదురవుతుంది. ఆమె విసిరేవన్నీ అంతవరకు వినని తిట్లు! మన దగ్గరున్న పాత జవాబుల్లో ఏది ఏ కొత్త తిట్టుకు నప్పుతుందో అప్పటికప్పుడు ఆలోచించాలి. ఆ తిట్లు రాయడంలో సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్సన్ స్కాట్ కార్డ్ చెయ్యి కూడా ఉంది. మాటకు మాట అనడంలో ఉన్న రుచి తెలిసిన తెలుగువారికి ఈ ఘట్టం నచ్చకపోవడమంటూ ఉండదు.

ఆ ఆటలోనే అడవిలో ఒక చెట్టు మోడు ఉంది. తొలి కూర్పులో దాన్ని పరిశీలిస్తే, లోపలికి వెళ్లాలంటే 22వ డిస్కు పెట్టండి, 36వది పెట్టండి, 114వది పెట్టండి అని అడుగుతుంది. అన్ని డిస్కులు అసలు లేనే లేవు. అది నిజమనుకున్న జనం కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్లు చేశారట. తర్వాతి కూర్పుల్లో ఆ హాస్యం తీసేశారు. ఇప్పుడు దాన్ని చూడాలంటే తొలి కూర్పే కావాలి. ఏ కూర్పు దొరికినా ఒకటేలే అనడానికి వీల్లేదని చెప్పే ఉదాహరణ ఇది.

ఇంకో ముచ్చట 1993 నాటి ‘డే ఆఫ్ ది టెంటకిల్’లో ఉంది. కథ జరిగే భవంతిలో ఒక గదిలో కంప్యూటర్ ఉంటుంది. దాని దగ్గరికెళ్లి నడిపిస్తే 1987 నాటి ‘మేనియాక్ మాన్షన్’ ఆట మొత్తం, మొదటినుంచి చివరిదాకా, అక్కడే ఆడుకోవచ్చు. తమ పాత ఆటను కొత్త ఆటలో భద్రపరచిన తయారీదారులు ఎంతమంది ఉంటారు?

ఇవన్నీ తీరిగ్గా ఆడే ఆటలు. గురి అక్కర్లేదు, వేళ్ల వేగం అక్కర్లేదు. ఒక చిక్కుముడి దగ్గర ఆగిపోతే కంప్యూటర్ కట్టేసి వంటింట్లోకో బజారుకో వెళ్లవచ్చు, జవాబు అక్కడే తట్టవచ్చు. పదేళ్ల మనవరాలు, అరవై ఏళ్ల తాతయ్య పక్కపక్కన కూర్చుని ఆ తాళంచెవి ఇక్కడ వాడి చూద్దామా అని వాదించుకుంటూ ఆడదగ్గవి. ఇలాంటి ఆట ముప్పై ఏళ్ల తర్వాత కూడా తాజాగానే ఉంటుంది, ఎందుకంటే అందులో సరుకు రాతలో, ఊహలో ఉంది.

మరి కొత్త కంప్యూటర్ మీద పెట్టి ఆడబోతే ఏమవుతుంది?

మొదటి చిక్కు వింతైనది. కంప్యూటర్ మరీ వేగంగా ఉండటమే తప్పవుతుంది. పాత ప్రోగ్రాంలలో చాలావాటికి గడియారం కంటే ప్రాసెసర్ వేగమే కొలమానం. ఇన్నిసార్లు లెక్కపెడితే ఇంత సమయం గడిచినట్టు అని రాసుకున్నారు. బోర్లాండ్ వారి టర్బో పాస్కల్‌తో చేసిన ప్రోగ్రాంలు మొదలవగానే ప్రాసెసర్ వేగం కొలిచి భాగహారం చేసేవి. ప్రాసెసర్లు దాదాపు 200 మెగాహెర్ట్‌జ్ దాటేసరికి ఆ జవాబు కేటాయించిన 16 బిట్లలో పట్టలేదు. ‘రన్‌టైమ్ ఎర్రర్ 200’ అని చెప్పి ప్రోగ్రాం ఆగిపోయేది. టిమ్ షాఫర్ 1998లో చేసిన ‘గ్రిమ్ ఫాండాంగో’లో ఫోర్క్‌లిఫ్ట్ బండిని లిఫ్టులోకి ఎక్కించి ఆడాల్సిన చిక్కుముడి ఒకటుంది. వేగవంతమైన కంప్యూటర్ల మీద ఆ లిఫ్టు అందకుండా పోయేది. జవాబు తెలిసినా ముందుకు వెళ్లలేకపోవడం ఎంత మంట పుట్టిస్తుందో ఆడినవారికే తెలుసు. దానికి తయారీదారులే సవరణ విడుదల చేయాల్సి వచ్చింది.

రెండో చిక్కు విండోస్‌ది. 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాంలను నడిపే భాగం లేదు. 2021లో వచ్చిన విండోస్ 11 అచ్చంగా 64 బిట్‌దే. దీనివల్ల డాస్ ఆటలే కాక విండోస్ 3.1 నాటివి కూడా మూలపడ్డాయి. 1990ల చివరి ఆటల సంగతి మరీ బాధాకరం. ఆట 32 బిట్‌దే, ఇప్పటికీ నడవగలదు. కానీ దాన్ని సీడీ నుంచి ఎక్కించే ఇన్‌స్టాలర్ 16 బిట్‌ది, అది తెరుచుకోదు. ఆపిల్ వారైతే 2019లో మాక్‌ఓఎస్ కాటలీనాతో 32 బిట్ ప్రోగ్రాంలన్నిటికీ ఒకేసారి తలుపు మూశారు.

సీడీలకు వేసిన తాళాలది ఇంకో కథ. దొంగ కాపీలను ఆపడానికి సేఫ్‌డిస్క్ అనే రక్షణను ఎన్నో ఆటల్లో పెట్టారు. అది విండోస్ లోతుల్లోకి ఒక డ్రైవర్‌ను చొప్పించేది. భద్రతకు ముప్పని 2015లో విండోస్ 10 నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని తప్పించింది. అదే ఏడాది సెప్టెంబరులో ఒక అప్‌డేట్‌తో పాత విండోస్‌లలోనూ ఆపేసింది. భద్రత దృష్టితో అది సరైన నిర్ణయమే. కానీ నష్టపోయింది ఎవరు? డబ్బు పెట్టి అసలు సీడీ కొన్నవారు. తాళం పగలగొట్టిన దొంగ కాపీ మాత్రం ఎప్పటిలాగే నడుస్తుంది. నిజాయితీగా కొన్నవాడికే శిక్ష పడే ఏర్పాటు ఎంతకాలం నిలిచినా తప్పే.

అంతకుముందటి తాళాలు కాగితం మీదివి. ‘మంకీ ఐలాండ్’ పెట్టెలో ఒక అట్ట చక్రం ఇచ్చేవారు. తెర మీద ఒక సముద్రపు దొంగ ముఖం కనిపిస్తే, చక్రం తిప్పి తలను గడ్డంతో కలిపి, అక్కడ వచ్చిన సంవత్సరాన్ని టైపు చేయాలి. చక్రం పోతే ఆట పోయినట్టే. అభిమానులు వాటిని స్కాన్ చేసి దాచబట్టి ఇప్పుడు ఆ అడ్డంకి దాటగలుగుతున్నాం. నిజానికి ఆ కాగితాలు ఆటలో భాగం. ఇన్ఫోకామ్ సంస్థ 1982లో ‘డెడ్‌లైన్’ అనే నేర పరిశోధన ఆటతో మొదలుపెట్టి, సాక్ష్యాల కాగితాల్లాంటివి పెట్టెలోనే పెట్టి అమ్మింది. కంప్యూటర్ ఫైలు ఒక్కటే దాస్తే అవి దక్కవు.

ఆట తెరుచుకున్నాక కూడా చూపు, వినికిడి దగ్గర తేడాలు మిగులుతాయి. ఆనాటి బొమ్మ అడ్డం 320, నిలువు 200 పిక్సెళ్లు. అది 4:3 నిష్పత్తి తెరను నింపేది కాబట్టి ఒక్కో పిక్సెల్ వెడల్పు కంటే పొడుగ్గా సాగేది. ఇప్పటి తెరల మీద పిక్సెల్ చతురస్రం. సరిచేయకుండా ఆడితే మనుషులు నొక్కేసినట్టు పొట్టిగా, చంద్రుడు అణిగిపోయి కనిపిస్తారు. పైగా పాత గాజు తెరల మసకలో కలిసిపోయేలా వేసిన చుక్కలు ఇప్పటి పదునైన తెర మీద విడివిడిగా గుచ్చుకుంటాయి. సంగీతానిదీ అదే దారి. 1988లో వచ్చిన ‘కింగ్స్ క్వెస్ట్ 4’కు విలియం గోల్డ్‌స్టీన్ స్వరపరిచిన సంగీతాన్ని రోలండ్ కంపెనీ ఎంటీ-32 పెట్టె మీద వినాలి. ఆ పెట్టె ఆ రోజుల్లోనే వందల డాలర్లు. ఇప్పుడు దాన్ని అనుకరించే మంట్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. కానీ అది పలకాలంటే అసలు పెట్టెలోని చిప్పుల నకలు కావాలి, దాని హక్కులు రోలండ్‌వి. సాంకేతికంగా తీరిన చిక్కు చట్టం దగ్గర మళ్లీ ముడిపడుతుంది.

అన్నిటికీ కొత్త కంప్యూటర్‌నే తిట్టడం న్యాయం కాదు. కొన్ని ఆటలు పుట్టుకతోనే దయలేనివి. 1990 నాటి ‘కింగ్స్ క్వెస్ట్ 5’లో నాయకుడికి ఆకలేసి చేతిలోని కస్టర్డ్ పై తినేశాడనుకోండి, చాలాసేపటి తర్వాత మంచుకొండల్లో యతి ఎదురైనప్పుడు దాని ముఖాన విసరడానికి ఏమీ ఉండదు, చావే గతి. పిల్లి తరుముతున్న ఎలుకను క్షణాల్లో కాపాడకపోతే, ఆ తర్వాత తాళ్లతో కట్టేసిన చోట ఆ తాళ్లు కొరికేవారుండరు. తప్పు చేశామని చెప్పే సూచన కూడా ఉండదు. ఇలాంటి అన్యాయాల మీద రాన్ గిల్బర్ట్ 1989లో ఘాటైన వ్యాసం రాశాడు. దానికి జవాబుగా చేసిందే ‘మంకీ ఐలాండ్’. అందులో ఇలా వెనక్కి రాలేని దారిలో చిక్కుకునే భయం లేదు. ఎప్పటికప్పుడు వేర్వేరు పేర్లతో ఆట సేవ్ చేసుకోవడమే సియెరా ఆటలకు మందు.

ఇన్ని చిక్కుల మధ్య కూడా ఇవాళ ఒక మామూలు ఫోన్‌లో ‘మంకీ ఐలాండ్’ నడుస్తోంది. దాని వెనకున్న కథే ఈ మొత్తం వ్యవహారంలో అతి ముఖ్యమైనది.

‘మేనియాక్ మాన్షన్’ చేసేటప్పుడు లూకస్ సంస్థలో రాన్ గిల్బర్ట్, ఆరిక్ విల్మండర్ ఒక మంచి పని చేశారు. కథ, బొమ్మలు, మాటలు ఒకవైపు, వాటిని చదివి నడిపించే యంత్రాంగం మరోవైపు పెట్టారు. ఆ యంత్రాంగం పేరు స్కమ్. తర్వాత పదేళ్లపాటు ఆ సంస్థ అడ్వెంచర్ ఆటలన్నీ దాదాపు దాని మీదే వచ్చాయి. 2001లో లుడ్విగ్ స్ట్రిగేయస్, విన్సెంట్ హామ్ అనే ఇద్దరు ఆ యంత్రాంగం పనితీరును గమనించి, దాని పని చేసే కొత్త ప్రోగ్రాంను సొంతంగా రాశారు. అదే స్కమ్‌వీఎం. పాత ఫ్లాపీలోని డేటా ఫైళ్లను దానికి చూపిస్తే చాలు, పాత ప్రోగ్రాంతో పనిలేకుండా ఆట మొదలవుతుంది. విండోస్, మాక్, లినక్స్, ఆండ్రాయిడ్, రాస్ప్‌బెర్రీ పై, దేని మీదైనా సరే. పాత గాజు తెర నిష్పత్తిని తిరిగి తెచ్చే వీలు కూడా అందులో ఉంది. తర్వాత సియెరా ఆటలు, మరెన్నో సంస్థల ఆటలు వచ్చి చేరాయి. 2020లో ‘గ్రిమ్ ఫాండాంగో’ వంటి త్రీడీ ఆటలను నడిపే సోదర ప్రాజెక్టు రెసిడ్యువల్‌వీఎం కూడా అందులో కలిసిపోయింది. ఇప్పుడు వందల ఆటలు. ఇదంతా స్వచ్ఛంద సేవకుల శ్రమ.

దీన్నిబట్టి తేలేది ఒక్కటే. పాత ఆట నడవకపోవడం ప్రకృతి ధర్మం కాదు. బొమ్మలకు, మాటలకు వయసు రాదు. వయసొచ్చేది వాటిని నడిపే యంత్రాంగానికి, దాన్ని మళ్లీ రాయవచ్చు. మిగిలే అడ్డంకుల్లో ఎక్కువ భాగం హక్కుదారుల ఉదాసీనత, చట్టాల ఇరుకు.

ఉదాసీనత లేనిచోట ఎంత సులువో బ్రిటన్‌లోని రెవల్యూషన్ సంస్థ చూపించింది. 1994లో తాము చేసిన ‘బినీత్ ఎ స్టీల్ స్కై’ సోర్స్ కోడ్‌ను స్కమ్‌వీఎం వాళ్ల చేతికిచ్చి, 2003లో ఆటనే ఉచితం చేసింది. దానివల్ల ఆ సంస్థ మునిగిపోలేదు. 2020లో దాని కొనసాగింపుగా ‘బియాండ్ ఎ స్టీల్ స్కై’ తెచ్చి అమ్ముకుంది.

ఉదాసీనత ఉన్నచోట ఏం జరుగుతుందో ‘బ్లేడ్ రన్నర్’ చెబుతుంది. వెస్ట్‌వుడ్ సంస్థ 1997లో నాలుగు సీడీల మీద తెచ్చిన ఆట ఇది. ఎవరు మనిషి, ఎవరు కృత్రిమ మానవుడు అన్నది ఆడిన ప్రతిసారీ మారిపోతుంది. వానలో తడుస్తున్న లాస్ ఏంజెలెస్ నగరం కళ్లముందు నిలుస్తుంది. వెస్ట్‌వుడ్‌ను కొన్న ఈఏ సంస్థ 2003లో దాన్ని మూసేసింది. కార్యాలయాలు తరలించడంలో ఆట సోర్స్ కోడ్ పోయింది. అంతటి ఆటకు అధికారికంగా ఇక దారి లేదు. స్కమ్‌వీఎం సేవకులు సోర్స్ కోడ్ లేకుండానే, సీడీలో ఉన్న ప్రోగ్రాంను విప్పిచూసి, ఏళ్ల తరబడి కూర్చుని యంత్రాంగాన్ని తిరిగి రాశారు. సీడీలో ఉండిపోయినా ఆటలో వాడని సన్నివేశాలను కూడా కావాలనుకున్నవారికి అందుబాటులో పెట్టారు. 2019 డిసెంబరులో జీఓజీ దుకాణం ఆ కూర్పునే అమ్మకానికి పెట్టింది.

2022లో నైట్‌డైవ్ సంస్థ మెరుగుపరచిన కూర్పంటూ ఇంకొకటి తెచ్చింది. బొమ్మలను నునుపు చేయబోయి పాత చిత్రంలోని చీకటి వెలుగుల అందాన్ని పోగొట్టారని ఆటగాళ్లు, విమర్శకులు గట్టిగానే అన్నారు. అంతకంటే పెద్ద తప్పు, అదే సమయంలో పాత ఆటను విడిగా కొనే వీలు తీసేయడం. గగ్గోలు పుట్టాక దాన్ని మళ్లీ విడిగా పెట్టారు.

మెరుగులు దిద్దడం తప్పు కాదు. 2010లో రంగుల ‘మాయాబజార్’ థియేటర్లకు వచ్చినప్పుడు తెలుగువారు సంబరంగానే చూశారు. అంతమాత్రాన మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణం చేసిన 1957 నాటి నలుపు తెలుపు చిత్రం ఎక్కడికీ పోలేదు, ఏది కావాలంటే అది చూడవచ్చు. ఆటల్లోనూ ఆ మర్యాద పాటించినవారున్నారు. 2009లో వచ్చిన ‘మంకీ ఐలాండ్’ ప్రత్యేక కూర్పులో ఒక్క మీట నొక్కితే కొత్త బొమ్మ పోయి 1990 నాటి బొమ్మ వస్తుంది, మళ్లీ నొక్కితే కొత్తది. 2015లో టిమ్ షాఫర్ సంస్థ డబుల్ ఫైన్ ‘గ్రిమ్ ఫాండాంగో’ను పునరుద్ధరించినప్పుడు ఒక అభిమాని రాసిన మౌస్ నియంత్రణను అధికారికంగా చేర్చుకుంది. ఆ పునరుద్ధరణలో పాత ఫైళ్లు వెతికి పట్టుకోవడమే పెద్ద పనైందని షాఫర్ బృందం చెప్పుకొచ్చింది.

ఫైళ్లు వెతకడం అంటే తెలుగువారికి బాగా తెలిసిన ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ గుర్తు చేసుకోవాలి. దాన్ని రాసిన జోర్డన్ మెక్‌నర్ ఆపిల్ 2 నాటి సోర్స్ కోడ్ పోయిందనుకున్నాడు. 2012లో ఆయన తండ్రి ఇంట్లో ఒక పెట్టెలో ఆ ఫ్లాపీలు దొరికాయి. నిపుణులు వాటిని చదివి బయటికి తీయగా, మెక్‌నర్ ఆ కోడ్‌ను అందరికీ కనిపించేలా నెట్‌లో పెట్టాడు. ఆ పెట్టె ఎప్పుడో పాత సామాన్లవాడికి వెళ్లిపోయి ఉంటే ఆ కోడ్ ఇక ఉండేది కాదు. ప్రపంచ ప్రసిద్ధమైన ఆట పరిస్థితే ఇలా ఉంటే, పేరు రాని వేల ఆటల గతి ఏమిటి? అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో జరిపిన అధ్యయనం ప్రకారం, 2010కి ముందు ఆ దేశంలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు అమ్మకంలో లేవు.

కొనడానికి దొరకవు, గ్రంథాలయం ద్వారా ఇంటి నుంచి చూడటానికీ వీల్లేదు. అమ్మకంలో లేని ఆటలను పరిశోధకులు దూరం నుంచి చూసేందుకు గ్రంథాలయాలకు మినహాయింపు ఇవ్వాలన్న విన్నపాన్ని 2024 అక్టోబరులో అమెరికా కాపీరైట్ అధికారులు తోసిపుచ్చారు. ఆటల కంపెనీల సంఘం ఆ విన్నపాన్ని వ్యతిరేకించింది. అమెరికా చట్టం ప్రకారం కంపెనీ చేయించిన పనికి ప్రచురణ నుంచి 95 ఏళ్ల హక్కు. ఆ లెక్కన 1990 నాటి ఆట ప్రజలపరమయ్యేది 2086 జనవరి 1న. అప్పటిదాకా ఫ్లాపీ మీది అయస్కాంత పూత ఉంటుందా?

మన చట్టం కొన్ని విషయాల్లో కాస్త నయం. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్, చట్టబద్ధంగా కొన్న కంప్యూటర్ ప్రోగ్రాంకు ఆ కొన్నవారు బ్యాకప్ ప్రతి తీసుకోవడాన్ని, ఉద్దేశించిన పనికి వాడుకునేందుకు మార్చుకోవడాన్ని అనుమతిస్తుంది. ఇతర ప్రోగ్రాంలతో కలిసి పనిచేసేలా చేయడానికి కావలసిన సమాచారం వేరే విధంగా దొరకనప్పుడు దాన్ని రాబట్టుకోవడాన్నీ ఒప్పుకుంటుంది. 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ డిజిటల్ తాళాలు తీయడాన్ని నేరంగా చూసేది, హక్కులు ఉల్లంఘించే ఉద్దేశం ఉన్నప్పుడే. ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ గ్రంథాలయాల క్లాజు దగ్గర తేడా వచ్చింది. వ్యాపార లక్ష్యం లేని ప్రజా గ్రంథాలయం ఒక రచనను భద్రత కోసం ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవాలంటే, దాని దగ్గర ఆ రచన డిజిటల్ కాని ప్రతి ఉండాలి. తాళపత్రానికి, పుస్తకానికి ఈ మాట సరిపోతుంది. పుట్టుకతోనే డిజిటల్ అయిన ఆటకు, విద్యా సీడీకి, తెలుగు ఫాంట్ల తొలితరం సాఫ్ట్‌వేర్‌కు ఎలా సరిపోతుంది? ఆ ఒక్క షరతు సవరిస్తే మన గ్రంథాలయాలు, విశ్వవిద్యాలయాలు పాత సాఫ్ట్‌వేర్‌ను ధైర్యంగా దాచగలవు. పార్లమెంటులో తెలుగు సభ్యులెవరైనా ఈ సవరణ గురించి అడిగితే అది మేలైన ప్రశ్న అవుతుంది.

హక్కుదారుల్లోనూ కదలిక ఉంది. సియెరా, ఇన్ఫోకామ్ ఆటల హక్కులు చేతులు మారుతూ యాక్టివిజన్ ద్వారా 2023లో మైక్రోసాఫ్ట్‌కు చేరాయి. 2025 నవంబరులో ఆ సంస్థ ‘జోర్క్’ మొదటి మూడు భాగాల సోర్స్ కోడ్‌ను ఎవరైనా చదివి వాడుకునేలా స్వేచ్ఛగా విడుదల చేసింది. లూకస్ ఆటలు 2012 నుంచి డిస్నీవి. వాటిలో చాలా భాగం ఇప్పుడు నెట్ దుకాణాల్లో దొరుకుతున్నాయి. అయినా ఈ రెండు సంస్థల గోదాముల్లో బయటికి రాని సోర్స్ కోడ్, చిత్తు బొమ్మలు, మూల సంగీతం ఇంకెంతో ఉంది. వాటిని అమ్మకపోతే అమ్మకపోనీ, కనీసం పోగొట్టుకోకుండా ఒక ఆర్కైవ్‌కు అప్పగించాలి. వాళ్ల లాభాల ముందు ఆ ఖర్చు లెక్కలోకి రాదు.

పాఠకులు చేయగలిగిందీ ఉంది. అటక మీద పాత ఆటల సీడీలు, ఫ్లాపీలు ఉన్నవారు అవి చదవగలిగే డ్రైవ్ దొరుకుతున్నప్పుడే వాటి పూర్తి నకలు తీసి హార్డ్‌డిస్కులో పెట్టుకోవాలి. పెట్టె, కరపత్రం, అట్ట చక్రం ఉంటే వాటిని ఫోన్‌తోనైనా ఫొటో తీయాలి. ఏమీ లేనివారు స్కమ్‌వీఎం అధికారిక సైటు నుంచే ‘బినీత్ ఎ స్టీల్ స్కై’ని ఉచితంగా, చట్టబద్ధంగా దించుకుని మొదలుపెట్టవచ్చు. హైస్కూలు పిల్లలతో కలిసి ఆడితే ఇంగ్లిష్ చదవడం కూడా కలిసొస్తుంది. కొత్తగా మెరుగులు దిద్దిన కూర్పు కొనేవారు మాత్రం ఒక్క సంగతి చూసుకోండి, దానితో పాటు పాత రూపం ఇస్తున్నారా లేదా అని. ఇవ్వకపోతే దుకాణానికి ఉత్తరం రాయండి. ‘బ్లేడ్ రన్నర్’ పాత కూర్పు తిరిగొచ్చింది కొన్నవాళ్లు నోరు విప్పి అడిగినందుకే.